మనసు పీరియడు

ఆ బడిలో అందరికన్నా ఎక్కువ కోపం ఉన్న టీచర్నే పిల్లలకి ప్రశాంతత నేర్పడానికి ఎంచుకోవడం వెనక పెద్ద ఆలోచనేమీ లేదు. మంగళవారం, శుక్రవారం పదకొండున్నరకి ఆవిడకి ఖాళీ పీరియడు ఉంది. అంతే.

బడిలో కొత్తగా పెట్టబోయే మనసు పీరియడు శిక్షణకి అసలు వెళ్ళాల్సింది డ్రాయింగ్ టీచరు. ఆవిడ మాట మెత్తన, నడక మెత్తన, సుద్దముక్క విరిగినా "అయ్యో పాపం" అనే మనిషి. కానీ ఆవిడకి నెలలు నిండాయి, మర్నాటి నుంచి సెలవు. ప్రిన్సిపాల్ మేడమ్ టైంటేబులు మీద వేలు పెట్టి పైనుంచి కిందికి దిగుతూ వచ్చింది. వేలు ఆగినచోట ఐదేళ్ళ పిల్లల తరగతి టీచరు దొరికింది.

ఈ సంగతి స్టాఫ్ రూములో తెలిసినప్పుడు లెక్కల మాస్టారికి తాగుతున్న నీళ్ళు పొలమారాయి.

టీచరుకి నలభై ఏడేళ్ళు. ఇరవై రెండేళ్ళుగా అదే తరగతి, అదే గది. ఆవిడ "కూర్చోండి!" అంటే గోడ అవతలి తరగతి కూడా కూర్చునేది. పిల్లలు ఆవిడకి పెట్టుకున్న పేరు ఉరుము టీచర్. ఆ పేరు ఆవిడకి తెలుసు, లోలోపల కాస్త గర్వం కూడా ఉంది. చెయ్యి మాత్రం ఏనాడూ ఎత్తలేదు. గొంతు సరిపోతున్నప్పుడు చెయ్యెందుకని ఆవిడ ఉద్దేశం.

"నేనా మేడమ్? నాకే నిమిషం ఓపిక ఉండదు, నేను వాళ్ళకేం నేర్పను?"

"అందుకేనమ్మా, మీక్కూడా పనికొస్తుంది" అంది ప్రిన్సిపాల్, కాగితం మీద సంతకం పెడుతూ. "అధ్యక్షులవారు రెండుసార్లు ఫోన్ చేశారు. ఈ టర్ములోనే మొదలుపెట్టాలిట."

అధ్యక్షులవారంటే తల్లిదండ్రుల సంఘం అధ్యక్షుడు. ఓ పెద్ద కంపెనీలో ఉద్యోగుల మంచిచెడ్డలు చూసే అధికారి. ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు, చొక్కా చేతులు సరిగ్గా రెండు మడతలే పెడతాడు. పోయినేడాది మీటింగులో లేచి నిలబడి, "పిల్లలు మార్కులు ఎలాగూ తెచ్చుకుంటారు. మనసులో మాట ధైర్యంగా చెప్పగలగాలి. అది మనం నేర్పుతున్నామా?" అని అడిగి అందరిచేతా చప్పట్లు కొట్టించుకున్నాడు. ఆయన కూతురు ఉరుము టీచర్ తరగతిలోనే ఉంది.

శిక్షణ రెండు రోజులు. శిక్షకుడు దూదిలాంటి గొంతున్న కుర్రాడు. మొదటి రోజు అందరికీ తలా ఒక ఎండుద్రాక్ష ఇచ్చి, దాన్ని ఐదు నిమిషాల పాటు తినమన్నాడు. చూడాలి, వాసన చూడాలి, నాలుక మీద పెట్టుకుని దాని మనసు తెలుసుకోవాలి. టీచరు చెయ్యెత్తింది. "నేను మింగేశాను. ఇంకోటి ఇస్తారా?"

రెండో రోజు ప్రొజెక్టరు పనిచెయ్యలేదు. శిక్షకుడు ఊపిరి గురించి చెబుతున్నవాడల్లా వరండాలోకి వెళ్ళి, ప్రొజెక్టరు తెచ్చినతన్ని ఏడు తరాలూ కలిపి తిట్టి, లోపలికొచ్చి కళ్ళు మూసుకుని, "ఇప్పుడు నెమ్మదిగా వదులుదాం" అన్నాడు. అక్కడ మాత్రం టీచరుకి అతను నచ్చాడు. మనలాంటివాడే అనుకుంది. సాయంత్రం సర్టిఫికెట్టు చేతికిచ్చారు.

మొదటి మంగళవారం ఇరవై ఏడుమంది పిల్లల్ని చాపల మీద పడుకోబెట్టి, ఒక్కొక్కళ్ళ పొట్ట మీద ఒక్కో బొమ్మ పెట్టింది. ఊపిరి పీలిస్తే బొమ్మ లేవాలి, వదిలితే దిగాలి. పుస్తకంలో అలా ఉంది. పుస్తకంలో లేనిది ఏమిటంటే, మూడో నిమిషంలో ఒకడు చప్పుడుగా గాలి వదిలాడు. ఇరవై ఆరు బొమ్మలు ఒక్కసారిగా నేల మీద పడ్డాయి.

"ప్రశాంతంగా ఉండండి!" అని అరిచింది టీచరు.

ఆ అరుపు ఆఫీసు గదిలో ప్రిన్సిపాల్‌కి వినిపించింది. ఆవిడ కిటికీ మూసుకుంది.

శుక్రవారం టీచరు పుస్తకం పక్కన పెట్టేసింది. చాపలూ లేవు, బొమ్మలూ లేవు. పిల్లల మధ్య నేల మీద చతికిలబడి, తనకి నిజంగానే తెలియని విషయం ఒకటి అడిగింది.

"మీకు కోపం ఎక్కడ వస్తుందిరా?"

"ముక్కు మీద!" అన్నారు నలుగురు ఒకేసారి. ఇళ్ళలో అమ్మలు ఆ మాటే అంటారు కదా.

"అమ్మ చెప్పింది కాదు. మీకు, ఒంట్లో ఎక్కడ?"

పిల్లలు ఒళ్ళు తడుముకుని చూసుకున్నారు. తర్వాత ఒకడు మడమలో అన్నాడు. ఒకత్తె చెవుల్లో జుయ్యిమంటుంది అంది. ఒకడు చాలా ఆలోచించి, టిఫిను డబ్బాలో అన్నాడు. అందరూ నవ్వారు, టీచరు నవ్వలేదు. "మూత తీస్తే నాకు నచ్చనిది ఉంటుంది కదా, అప్పుడు వస్తుంది" అని వాడు విడమరిచి చెప్పాక, అదీ నిజమే అనిపించింది.

చివరికి ఓ మూల నుంచి సన్నగా వినిపించింది. "నాకు పళ్ళల్లో వస్తుంది టీచర్."

అన్నది అధ్యక్షులవారి కూతురు. తరగతిలో ఆ పిల్లని చిట్టెలుక అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. టర్ము మొదలైన నెలన్నరలో పదకొండుమందిని కొరికింది. ఒక బెంచీ అంచుని కూడా కొరికింది. ఇంటికి చీటీ పంపితే, "ఈ దశ సహజం, పాపతో మాట్లాడుతున్నాం" అని చక్కటి చేతిరాతతో జవాబు వచ్చేది. మాట్లాడిన మర్నాడు ఇంకొకళ్ళని కొరికేది.

"పళ్ళల్లోకి రాకముందు ఎక్కడుంటుందే?"

చిట్టెలుక చెంప తడుముకుంది. "ఇక్కడ దురద పెడుతుంది. దవడ."

"సరే. ఈసారి దవడ దురద పెట్టగానే, పళ్ళల్లోకి రాకముందే, నా దగ్గరకొచ్చి చిటికెన వేలు పట్టుకో. ఏం చెప్పక్కర్లేదు. పట్టుకుంటే నాకు తెలుస్తుంది."

ఆ మొదటి రోజు చిట్టెలుక పద్నాలుగుసార్లు వచ్చింది. టీచరు కుడి చేత్తో బోర్డు మీద అంకెలు రాస్తుంటే, ఎడమ చేతి వేలికి పిల్ల వేలాడుతూ ఆవిడతో పాటే అటూ ఇటూ నడిచేది. రెండో వారానికి ఆరుసార్లకి దిగింది. నెల తిరిగేసరికి పిల్ల ఎవర్నీ కొరకడం లేదు. ఆ ముక్క పైకి అంటే దిష్టి తగులుతుందేమోనని టీచరు ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు చిట్టెలుకే అడిగింది. "మీకెక్కడ వస్తుంది టీచర్, కోపం?"

"నాకు కోపం రాదు."

తరగతి మొత్తం పడి పడి నవ్వింది. అలాంటి నవ్వు ఆ గదిలో ఇరవై రెండేళ్ళలో వినబడి ఉండదు.

"మీకు చెవి ఎర్రగా అవుతుంది" అంది చిట్టెలుక. "ఎడమది. అది చూసి మేం పుస్తకాలు తీస్తాం."

ఆ సాయంత్రం టీచరు అద్దం ముందు నిలబడి ఎడమ చెవి చూసుకుంది. తర్వాత భర్త దగ్గరికి వెళ్ళింది. ఆయనకి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది, ఏదో ఫ్రేముకి మర బిగిస్తున్నాడు.

"ఏమండీ, నాకు కోపమొస్తే చెవి ఎర్రబడుతుందా?"

"పెళ్ళైన రెండో వారం నుంచి చూస్తున్నాను."

"మరి ఇన్నేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదేం?"

ఆయన మర బిగించడం ఆపకుండా అన్నాడు. "ఎర్రగా ఉన్నప్పుడు చెప్పే ధైర్యం లేదు. లేనప్పుడు చెప్పే అవసరం లేదు."

ఆవిడ ఏదో అనబోయింది. చెయ్యి తనంతట తానే చెవి మీదికి పోయింది. వెచ్చగా తగిలింది. చెవి పట్టుకునే లోపలికి వెళ్ళిపోయింది. ఆయన ఆ ఫ్రేము పక్కన పెట్టి, చాలాసేపు తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు. ఇలాంటిది ఆయనకి అలవాటు లేదు.

మూడో నెల చివర తల్లిదండ్రుల్ని పిలిచి మనసు పీరియడు చూపించాలని నిర్ణయించారు. హాల్లో కుర్చీలు వేశారు. అధ్యక్షులవారు ముందు వరసలో మధ్య కుర్చీ. ఆయన తండ్రి వెనక వరసలో, తలుపు పక్కన. ఆ పెద్దాయన రిటైరైన బస్సు డ్రైవరు. మనవరాలిని రోజూ బడికి తెచ్చేదీ తీసుకెళ్ళేదీ ఆయనే. ఈమధ్య మతిమరుపు కొంచెం, చెవుడు కొంచెం. గేటు దగ్గర టీచరు ఎప్పుడు కనబడ్డా చెయ్యెత్తి, "లైను క్లియరా టీచరమ్మా?" అని అడిగేవాడు. ఆవిడ "క్లియరే, పోనివ్వండి" అనేది.

అధ్యక్షులవారు పావుగంట మాట్లాడారు. పిల్లల నోటికి తాళం వేసే రోజులు పోయాయన్నారు. మనసు తలుపులు తెరవాలన్నారు. చప్పట్లు మోగాయి. తర్వాత టీచరు పిల్లల మధ్య కూర్చుని, ఎప్పుడూ అడిగినట్టే అడిగింది. ఈ వారం ఎవరికి ఏమొచ్చింది, ఎక్కడొచ్చింది?

ఒకడు తమ్ముడు పుట్టాక కడుపులో బరువుగా ఉంటోందన్నాడు. తల్లులు "అయ్యో, ఎంత ముద్దుగా చెప్పాడో" అని గుసగుసలాడారు. ఒకత్తె చీకటంటే మోకాళ్ళు వణుకుతాయంది. మళ్ళీ చప్పట్లు. చిట్టెలుక లేచి నిలబడింది. ముందు వరసలో నాన్న ఫోన్ తీసి వీడియో పట్టాడు.

"నాన్న తాతని తిడితే నాకు దవడ దురద పెడుతుంది."

ఎవరూ ముద్దుగా చెప్పిందనలేదు.

"తాత కుళాయి కట్టెయ్యడం మర్చిపోతాడు. అప్పుడు నాన్న, 'నీకు బుర్ర ఉందా, ఎందుకున్నావ్ ఇక్కడ?' అంటాడు. మెల్లగా అంటాడు, పక్కింటికి వినబడకుండా. తాతకి కూడా వినబడదు. నాకు వినబడుతుంది."

ఫోన్ ఇంకా వీడియో పడుతూనే ఉంది. అధ్యక్షులవారు నవ్వారు. "పిల్లలు కదా, ఊహాశక్తి" అన్నారు పక్కవాళ్ళతో. వెనక వరసలో పెద్దాయన మోకాళ్ళ మీద రెండు చేతులూ పెట్టుకుని, చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆయనకి ఎంత వినబడిందో ఎవరికీ తెలియదు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసు గదికి పిలుపు. అధ్యక్షులవారు అక్కడున్నారు. గొంతు పెంచలేదు.

"ఇంటి విషయాలు నలుగురిలో మాట్లాడమని నేర్పడం ఏ శిక్షణలో ఉందో నాకు తెలుసుకోవాలనుంది."

"నేను నేర్పలేదండీ. పాపకి అనిపించింది, చెప్పింది."

ప్రిన్సిపాల్ మధ్యలో కల్పించుకుంది. "చెప్పకూడదని కాదమ్మా. మంచి విషయాలు కొన్ని ముందే ఎంచి పెట్టుకుంటే బాగుంటుంది కదా. పువ్వులు, వాన, పుట్టినరోజులు... వాటి మీద ఏమనిపిస్తోందో చెప్పించండి." ఆవిడ టైపు చేసి ఉంచిన కాగితం ఒకటి ముందుకి జరిపింది. "ఇదిగో, చిన్న క్షమాపణ. సంతకం పెట్టండి, అయిపోతుంది."

టీచరుకి ఎడమ చెవి కాలడం తెలిసింది. తెలిసి కూడా ఆపుకోలేకపోయింది.

"మనసులో మాట ధైర్యంగా చెప్పాలని మీరే కదండీ అడిగారు! చెప్పింది! ఇంకేం కావాలి మీకు? మీకు నచ్చే మనసు కావాలా దానికి?"

ఆట స్థలంలో బంతాట ఆగిపోయింది. అధ్యక్షులవారు చొక్కా మడత సర్దుకుని, ఎంతో నెమ్మదిగా అన్నారు.

"ఇంత కోపం ఉన్నవాళ్ళా మా పిల్లలకి ప్రశాంతత నేర్పేది?"

ఆయనన్నది నిజమేనని ఆవిడకి తెలుసు. కాగితం మీద సంతకం మాత్రం పెట్టకుండా బయటికొచ్చేసింది.

సోమవారానికల్లా చిట్టెలుకని బీ సెక్షనుకి మార్చారు. డ్రాయింగ్ టీచరు సెలవు ముగించుకుని వచ్చింది, మనసు పీరియడు రెండు సెక్షన్లకీ ఆవిడకే ఇచ్చారు. ఆవిడ చెడ్డ మనిషేం కాదు. పసిపిల్లతో రాత్రంతా నిద్ర లేక, పగలు కాస్త నిశ్శబ్దం దొరికితే చాలని వచ్చే మనిషి. గోడకి ఒక నవ్వు ముఖం అతికించింది. కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చున్నవాళ్ళకీ, ఎలా ఉన్నావంటే సంతోషంగా ఉన్నానన్నవాళ్ళకీ స్టారు. లేచినా, ఏడ్చినా స్టారు లేదు. రెండు వారాల్లో ఆ పీరియడు చూడముచ్చటగా తయారైంది. సూది పడితే వినబడేది. ప్రిన్సిపాల్ కిటికీ తెరిచే ఉంచింది. అధ్యక్షులవారు వచ్చి చూసి, "ఇదీ నేను కోరుకున్నది" అని సంతోషంగా వెళ్ళారు.

టీచరుకి చిట్టెలుక అప్పుడప్పుడు వరండాలో ఎదురయ్యేది.

"ఎలా ఉన్నావే?"

"సంతోషంగా ఉన్నాను టీచర్" అనేది పళ్ళన్నీ కనబడేలా.

ఆ నవ్వు చూస్తే టీచరుకి ఎందుకో ఒళ్ళు గగుర్పొడిచేది. గేటు దగ్గర పెద్దాయన కూడా కనబడటం లేదు. పాపని ఇప్పుడు వ్యాను తెస్తోంది. వాచ్‌మన్‌ని అడిగితే, ఆయన కూతురింటికి వెళ్ళాడని, కొన్నాళ్ళు అక్కడే ఉంటాడని చెప్పాడు.

నెల్లాళ్ళు గడిచాక ఒక గురువారం పొద్దున పది గంటలకి, టీచరు కూడికలు చెబుతుండగా ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఫోన్‌లో చిట్టెలుక అమ్మ. బ్యాంకులో పనిచేస్తుంది, మాట పొదుపు. ఆ రోజు హలో కూడా అనకుండా మొదలుపెట్టింది.

"టీచర్, పాపకి మూడు రోజుల్నించి జ్వరం. నిన్న ఆస్పత్రిలో చేర్చాం. ఎక్కడ నొప్పో చెప్పట్లేదు. ఎవరడిగినా సంతోషంగా ఉన్నానంటోంది. మీరొకసారి రాగలరా?"

"మీవారికి తెలుసా, నన్ను పిలుస్తున్నట్టు?"

"ఆయనే నంబరు ఇచ్చారు."

టీచరు ప్రిన్సిపాల్ దగ్గర అనుమతి అడగలేదు. వెళ్తున్నానని చెప్పి, బస్సెక్కేసింది.

పిల్లల వార్డులో కిటికీ పక్క మంచం. చిట్టెలుక కాళ్ళు పొట్టలోకి ముడుచుకుని పడుకుంది. చేతికి సెలైను. మంచానికి ఒక పక్క అమ్మ, ఇంకో పక్క నాన్న. అధ్యక్షులవారి చొక్కా చేతులు ఒకటి మడతపెట్టి, ఒకటి జారిపోయి ఉన్నాయి. డాక్టరమ్మ టీచర్ని చూసి, "మీరేనా?" అంది. "పొద్దున రక్తం తీస్తుంటే దీనికి కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. నోటితో మాత్రం సంతోషంగా ఉన్నానంటోంది. నా సర్వీసులో ఇలాంటి పేషెంటుని చూడలేదు. పరీక్షలకి పంపాను, వస్తాయి. ఈలోగా పిల్ల నోరు విప్పితే నాకు సగం పని తగ్గుతుంది."

టీచరు స్టూలు లాక్కుని కూర్చుంది. "ఏమే చిట్టెలుకా?"

"సంతోషంగా ఉన్నాను టీచర్." పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"నాకు భయంగా ఉంది" అంది టీచరు.

పాప కళ్ళు తిప్పి చూసింది. "ఎక్కడ?"

"ఇక్కడ. గొంతులో. బస్సులో కూర్చున్నప్పటి నుంచీ."

పాప ఆ గొంతు వైపు చూసింది, ఏమైనా కనబడుతుందేమోనన్నట్టు. తర్వాత నాన్న వైపు చూసింది. గొంతు బాగా తగ్గించింది. "నాన్న ఉన్నాడు."

"ఉంటే?"

"నేను చెప్పాను కదా. తాత వెళ్ళిపోయాడు."

పాప దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

"మళ్ళీ చెబితే అమ్మ కూడా వెళ్ళిపోతుంది" అంది పాప.

అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అధ్యక్షులవారు నోరు తెరిచారు. రోజుకి పదిమంది ఉద్యోగుల చేత మాట్లాడించే మనిషికి ఒక్క మాట దొరకలేదు. టీచరు వైపు చూశారు, ఏదైనా అందిస్తుందేమోనని. ఆవిడ అందివ్వలేదు. ఏమందివ్వాలో ఆవిడకీ తెలియదు.

"తాత నీ వల్ల వెళ్ళలేదు" అన్నాడాయన చివరికి. గొంతు పక్క మంచాల వాళ్ళకి కూడా వినబడింది. "నా వల్ల వెళ్ళాడు. నేనన్న మాటలకి వెళ్ళాడు. నువ్వు అబద్ధమేం చెప్పలేదు."

"నీకు కోపం రాదా, చెబితే?"

అధికారి కాబట్టి రాదు అనేస్తాడనుకుంది టీచరు. ఆయన ఆలోచించాడు.

"వస్తుందేమో. వచ్చినా నువ్వు చెప్పు."

చిట్టెలుక కాసేపు సెలైను చుక్కలు చూసింది. తర్వాత టీచరు చెవి దగ్గరికి మొహం తెచ్చి చెప్పింది. ఒంటికి వెళ్తే మంట. బోలెడు మంట. పొట్ట కింద కూడా నొప్పి. ఎప్పటి నుంచంటే, చాలా రోజుల నుంచి. మనసు పీరియడులో లేస్తే స్టారు పోతుంది కాబట్టి ఆపుకునేది. తర్వాత మిగతా పీరియడ్లలో కూడా ఆపుకోవడం అలవాటైంది. ఆ తర్వాత మంటకి భయపడి నీళ్ళు తాగడమే మానేసింది.

టీచరు ఒక్కో మాటా పైకి చెబుతుంటే, డాక్టరమ్మ వింటూనే చీటీ మీద గబగబా ఏదో రాసి నర్సుకిచ్చింది. "చాలు, మూత్రంలో ఇన్ఫెక్షను. మందులు మారుస్తున్నాను. భయం లేదు, రెండు మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది" అంది. సాయంత్రం వచ్చిన రిపోర్టు కూడా అదే చెప్పింది. మరుసటి సోమవారం బడిలో ఒక సర్క్యులర్ తిరిగింది. "ప్రశాంత సమయంలో మూత్ర విసర్జనకి వెళ్ళుట ప్రశాంతతకి భంగముగా పరిగణింపబడదు" అని. దాని మీద అందరు టీచర్లూ సంతకాలు పెట్టారు. డ్రాయింగ్ టీచరు సంతకం పెట్టి, స్టాఫ్ రూములో ఓ మూల కూర్చుని ఏడ్చింది. ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నది ఉరుము టీచరొక్కతే. అవన్నీ తర్వాతి సంగతులు.

ఆ గురువారం మాత్రం, ఒకసారి మొదలుపెట్టాక చిట్టెలుక ఆగలేదు. నెల్లాళ్ళ సరుకు లోపల పేరుకుపోయి ఉంది. సూది నర్సు మంచిది కాదు. ఈ దుప్పటి గుచ్చుకుంటోంది. వ్యానులో ఒకడు జడ లాగుతాడు. అమ్మ ఫోన్ చూస్తూ ఊఁ అంటుంది కానీ వినదు. నాన్న కొత్త సెంటు వాసన బాగోలేదు. నాన్న కథ చెబితే తొందరగా అయిపోతుంది, తాత చెబితే అవదు. బీ సెక్షను టీచర్ మంచిదే కానీ వేలు ఇవ్వదు. అధ్యక్షులవారు కుర్చీ అంచున కూర్చుని అన్నీ విన్నారు. రెండు మూడుసార్లు, "అది కాదమ్మా" అనబోయి, భార్య చూపు చూసి ఆపుకున్నారు. ఒకసారి మెడ మీద నరం ఉబ్బింది కూడా. పాప అది గమనించి ఆగింది. ఆయన "ఊఁ, తర్వాత?" అన్నారు. అనడానికి కష్టపడ్డారు, అది అందరికీ కనబడింది.

పన్నెండు దాటింది. మధ్యాహ్నం మొదటి పీరియడుకి అందుకోవాలని టీచరు సంచీ భుజాన వేసుకుంది. అధ్యక్షులవారు లేచి ఆవిడ వెనకే తలుపు దాకా వచ్చారు.

"టీచర్, ఆ రోజు ఆఫీసులో నేను..." అని ఆగారు.

"నేనూ అరిచాను లెండి" అందావిడ.

"మా నాన్నకి ఫోన్ చెయ్యాలి. ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. మీ పుస్తకంలో ఏమైనా ఉందా?"

"దాన్లో ఎండుద్రాక్ష గురించి ఉంది" అంది టీచరు. "మిగతాది నాకూ తెలియదు."

ఆయన మంచం దగ్గరికి తిరిగి వెళ్ళాడు. ఫోన్ తీశాడు, పెట్టేశాడు, మళ్ళీ తీశాడు. నంబరు నొక్కాడు. అవతల ఎవరో ఎత్తి, చెవుడున్నవాళ్ళు మాట్లాడినట్టు గట్టిగా "హలో! ఎవరూ?" అన్న కేక తలుపు దగ్గరున్న టీచరుకి కూడా వినబడింది. అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు. పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు. "హలో! హలో!" అంటోంది ఫోన్. చివరికి ఆయన దాన్ని తీసుకెళ్ళి పాప చెవి దగ్గర పెట్టాడు.

"తాతా, నేనే" అంది చిట్టెలుక నీరసంగానే, కానీ గట్టిగా. "నాకు బాగోలేదు. నువ్వు రా. నాన్న ఇక్కడే ఉన్నాడు. ఏదో చెప్పాలని ఉంది, ఇంకా రావట్లేదు."